చెవి మీద గులాల్

వీడియోలో నల్లటి మనిషి తెల్ల కారు వెనక తలుపు తెరిచాడు. లోపలున్న అమ్మాయిని జుట్టు పట్టుకుని రోడ్డు మీదికి ఈడ్చాడు. అమ్మాయి అరిచింది. వాడు పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. కింద ఎర్రటి అక్షరాలు పరిగెత్తాయి: 'ఎయిర్‌పోర్ట్ రోడ్డులో ఆఫ్రికా డ్రైవర్ అరాచకం. మన ఆడపిల్లలు జాగ్రత్త.'

ఎయిర్‌పోర్ట్ క్యాబ్ పార్కింగ్‌లో, కారు బానెట్ మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని అరుణ్‌కుమార్ ఆ వీడియో చూశాడు. అతని భుజం మీదుగా మల్లేశ్వర్ చూశాడు. చుట్టూ ఉన్న డ్రైవర్లందరి ఫోన్లలోకీ అది పొద్దున్నే వచ్చేసింది. అయినా పక్కవాడి ఫోన్‌లో ఇంకోసారి చూస్తేగాని వాళ్లకు తృప్తిగా లేదు.

"ఏడ జరిగిందంట?"

"ఔటర్ దిగే కాడ."

"కాదు, హిమాయత్ సాగర్ రోడ్డుల. మా తమ్ముని దోస్తు కండ్లార చూసిండంట."

అప్పుడే మర్జూక్ కారు వచ్చి వరసలో ఆగింది. మర్జూక్ దిగి, అలవాటుగా పాత పేపర్ ఉండచుట్టి ముందద్దం తుడవడం మొదలుపెట్టాడు. ఆరడుగుల మనిషి. బొగ్గు నలుపు, ఉంగరాల జుట్టు. తాతల కాలంలో ఆఫ్రికా నుంచి నిజాం గుర్రపు దళంలోకి వచ్చిన సిద్దీల కుటుంబం. పుట్టి పెరిగింది మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్‌లో, ఇప్పుడుండేది జల్‌పల్లిలో. ఎక్కిన ప్రతి ప్యాసింజరూ "ఏ దేశం మీది?" అని అడుగుతాడు. "మాసబ్‌ట్యాంక్" అని మర్జూక్ చెబుతాడు. అడిగినవాడు ఆ దేశం ఎక్కడుందో అని కాసేపు ఆలోచిస్తాడు.

"మర్జూక్ భాయ్, మీ దేశపోడు ఏం జేసిండో చూడు," అన్నాడు మల్లేశ్వర్.

మర్జూక్ చేతులు తుడుచుకుని మల్లేశ్వర్ ఫోన్ తీసుకున్నాడు. చివరిదాకా చూశాడు. వెనక్కి జరిపి మళ్లీ చూశాడు. చూస్తూ చూస్తూ ఎడమ చెవి పైన గోక్కున్నాడు. ఫోన్ తిరిగిచ్చేటప్పుడు అరుణ్ వైపు ఒకసారి చూసి, తర్వాత మల్లేశ్వర్‌తో అన్నాడు.

"మాసబ్‌ట్యాంక్‌ల గిసుంటోడు లేడే. ఉంటే మా అమ్మీ చెప్పుతోని కొట్టి వెళ్లగొట్టేది."

అందరూ నవ్వారు. అరుణ్ కూడా నవ్వాడు.

మర్జూక్ ఫోన్‌కు ట్రిప్ వచ్చింది. అతను సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేలోపు క్యాన్సిల్ అయింది. ఇంకోటి వచ్చింది. అదీ పోయింది. వరసలో అతని వెనకున్న కార్లు ఒక్కొక్కటే గేటు దాటిపోతున్నాయి. కారు బుక్ చేయగానే కస్టమర్ ఫోన్‌లో డ్రైవర్ ఫోటో వస్తుందని అక్కడ తెలియని వాళ్లు లేరు.

"ఇయ్యాల నా ఫోటో మంచిగ లేనట్టుంది," అని మర్జూక్ దిగాడు. దువ్వెన తీసి జుట్టు అణిచి, కాలర్ సర్దుకుని, ఫోన్ అరుణ్‌కు ఇచ్చాడు. "కొత్తది దియ్యన్నా. నవ్వాల్నా, వద్దా?"

"నవ్వకు భాయ్," అన్నాడు మల్లేశ్వర్. "వీడియోలోడు గట్లనే నవ్విండు."

మర్జూక్ నవ్వకుండా నిలబడ్డాడు. అరుణ్ ఫోటో తీశాడు. ఇద్దరూ చూసుకున్నారు. నవ్వకపోతే ఇంకా భయంగా ఉంది.

"పోనీలే," అన్నాడు మర్జూక్. "ఎల్లుండి నిమజ్జనం ముచ్చట చెప్పు. మా పోరగాండ్లను రమ్మన్న. వానకు తోలు మెత్తబడ్డది. పేపర్లు జమ చేసి పెట్టిన, కాచనీకి."

అరుణ్ ఉండే శివసాయి కాలనీలో ఒక పద్ధతుంది. వేలంలో గణేశుడి లడ్డూ ఎవరు పాడుకుంటే వాళ్లను సిద్దీల డోలు వాయిద్యమైన మర్ఫాతో ఇంటిదాకా తీసుకుపోవాలి. ఆ తర్వాతే విగ్రహం కదులుతుంది. వాయించేది మర్జూక్ బృందం. అరుణ్ కమిటీ సెక్రటరీ అయిన సంవత్సరం మొదలైన పద్ధతి అది. మర్జూక్ కాగితాలు మండించి, డోలు తోలును మంట మీద తిప్పుతూ వేలితో మీటి చూస్తుంటే కాలనీ పిల్లలంతా చుట్టూ మూగేవాళ్లు. దెబ్బ ఖంగుమనేదాకా అతను డోలు భుజానికి ఎత్తుకోడు.

"నువ్వు లేకుంటే లడ్డూ ఇల్లు చేరుతదా భాయ్," అన్నాడు అరుణ్.

*

మర్నాడు మధ్యాహ్నం పికప్ లైన్‌లో అరుణ్ కారు మర్జూక్ కారు వెనకే ఉంది. విజయవాడ వైపు వాళ్లలా ఉన్నారు, ఒక పెద్దాయన, ఆయన కూతురు, ట్రాలీ నిండా సూట్‌కేసులు. మర్జూక్ డిక్కీ తెరిచి రెండు పెట్టెలు లోపల పెట్టాడు. మూడోది ఎత్తుతుంటే అమ్మాయి అతని ముఖం చూసి తండ్రి చెయ్యి పట్టుకుంది. చెవిలో ఏదో చెప్పింది.

పెద్దాయన ముందుకొచ్చాడు. "మీరేమీ అనుకోవద్దండి. అమ్మాయి కొంచెం కంగారు పడుతోంది. మేం వేరే బండి చూసుకుంటాం."

"ఏమైంది సార్?"

"ఏం లేదండీ. మీ గురించి కాదు. ఈ రోజుల్లో ఎవర్నీ నమ్మే పరిస్థితి లేదు కదా. ఆ పెట్టెలు కాస్త దించేస్తారా?"

మర్జూక్ పెట్టెలు దించాడు. చక్రాలు రోడ్డు వైపు జారకుండా ఒకదాన్ని కాలితో ఆపి పట్టుకున్నాడు. పెద్దాయన "థాంక్యూ బాబూ" అన్నాడు. తండ్రీకూతుళ్లు తిన్నగా వెనక కారు దగ్గరికి వచ్చి, ఖాళీయేనా అని అడిగారు. అరుణ్ బుకింగ్ ఉందని అబద్ధం చెప్పాడు. ఆ పూట అతను చేసిన మంచిపని అదొక్కటే.

సాయంత్రానికి క్యాబ్ యాప్‌లో మర్జూక్ ఐడీ బ్లాక్ అయింది. ఒకరిద్దరు కాదు, చాలామంది ఫిర్యాదు చేశారట. వీడియోలో ఉన్నది ఇతనే అని కొందరు, ఇతనిలా ఉన్నాడని కొందరు. మర్జూక్ కంపెనీ ఆఫీసుకు పోయి వచ్చి, అరుణ్ కారు ముందు సీట్లో కూర్చున్నాడు.

"వీడియో నకిలీదని పోలీస్ కాగితం తెమ్మంటున్నరు. అది తెస్తేనే ఐడీ. లేకుంటే ఇగ ఇంటికే." డాష్‌బోర్డు మీది దుమ్ము వేలితో తుడుస్తూ అన్నాడు. "ఐడీ లేకుంటే బండి ఎందుకన్నా నాకు, గాలి తిన్నీకా?"

"పోదాం. ఠాణాల చెప్పుదాం."

"నువ్వు రావాలె. నువ్వు మాట్లాడితే వింటరు. నా ముఖం చూస్తే ముందే ఫైసలా చేస్తరు." మర్జూక్ అతని వైపు తిరిగాడు. "వీడియో మంచిగ చూసినవా అన్నా నువ్వు?"

"చూసిన."

"ఇంకోసారి చూడు."

ఇంటికి పోయే దారిలో, రైల్వే గేటు పడ్డప్పుడు అరుణ్ చూశాడు. ఈసారి అమ్మాయిని చూడలేదు. వాణ్ణి చూశాడు. బొమ్మను ఆపి వేళ్లతో పెద్దది చేశాడు. ఎడమ చెవి పైన, ఉంగరాల జుట్టు మొదట్లో, గులాబీ రంగు మరక. అమ్మాయిని ఈడ్చినప్పుడు ఉంది. నవ్వినప్పుడు ఉంది. ఎయిర్‌పోర్ట్ రోడ్డులో క్యాబ్ డ్రైవర్ చెవి మీదికి గులాల్ ఎందుకొచ్చింది?

ఆ గులాల్ అతనికి తెలుసు. కిందటేడు లడ్డూ ఊరేగింపు మొదలయ్యే ముందు పిడికెడు తీసి, డోలు వాయిస్తున్న మర్జూక్ తల పట్టుకుని రుద్దింది తనే. ఆ క్షణాన మర్జూక్ పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. ఆ ఫోటో తనే తీసి కాలనీ కమిటీ గ్రూప్‌లో పెట్టాడు. ఇంకెక్కడా పెట్టలేదు.

గేటు లేచింది. వెనక లారీవాడు హారన్ కొడుతున్నాడు.

*

శ్రావణ్‌కుమార్ అరుణ్ భార్య కళ్యాణికి తమ్ముడు. డిగ్రీ అయినప్పటి నుంచి అక్క ఇంట్లోనే ఉంటున్నాడు. 'శంషాబాద్ ముచ్చట్లు' అని ఒక పేజీ నడుపుతాడు. కమిటీ ఫ్లెక్సీలు, లడ్డూ వేలం వీడియోలు అతని పనే. అరుణ్ పోయేసరికి డాబా మీది గదిలో ఫోన్‌కు చార్జర్ పెట్టి పడుకుని చూస్తున్నాడు.

అరుణ్ ఏమీ అనకుండా ఫోన్‌లో పెద్దది చేసిన బొమ్మను అతని ముఖం ముందు పెట్టాడు.

శ్రావణ్ లేచి కూర్చున్నాడు. "ఏంది బావా?"

"నువ్వే చెప్పు."

శ్రావణ్ చార్జర్ వైరు వేలికి చుట్టుకున్నాడు. "నేను మర్జూక్ భాయ్ అని పెట్టలే బావా. ఏఐ యాప్‌ల ఆఫ్రికా డ్రైవర్ అని రాసి ఫోటో ఇచ్చిన. ముఖం మొత్తం మారుస్తదనుకున్న. జర మార్చింది గూడ. చూడు, ముక్కు వేరే ఉంది."

"గా ఫోటోనే ఎందుకిచ్చినవ్?"

"నా ఫోన్ల గసుంటి మనిషి ఫోటో గదొక్కటే ఉండె."

అరుణ్ మంచం అంచున కూర్చున్నాడు. "అసలు ఎందుకు జేసినవ్?"

"గిసుంటివి మస్తు నడుస్తున్నయ్ బావా. వేరే పేజీలోళ్లు గూడ చేస్తున్నరు. మంచి ముచ్చట పెడితే ఎవడూ చూడడు. గిది గింత దూరం పోతదని నాకేం ఎరుక?" చెబుతుంటే అతని గొంతులో భయంతోపాటు ఇంకేదో కూడా ఉంది. గర్వం లాంటిది. అరుణ్ చెయ్యి లేచి ఆగిపోయింది.

కళ్యాణి మెట్లెక్కి వచ్చింది. చేతిలో సగం తరిగిన బెండకాయల చిప్ప. ఆమె ముఖం చూస్తే అంతా విన్నట్టే ఉంది. చిప్ప కింద పెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"ఎవరికన్నా చెప్పినవా?"

"రేపో ఎల్లుండో ఠాణాకు పోతున్న. మర్జూక్ భాయ్ తోని."

"వానికి ఎయిర్‌పోర్ట్‌ల నౌకరి వచ్చింది నీకెరుకే. పాస్ కోసం పోలీస్ వెరిఫికేషన్ నడుస్తున్నది. ఇప్పుడు కేసయితే ఆ నౌకరి గాదు, ఏ నౌకరీ రాదు. మా అమ్మకు నేనేం చెప్పాలె?"

"మరి గాయన రోజీ పోయింది గదా."

"పోయింది. కాదంటున్ననా?" ఆమె బెండకాయ తీసి కత్తిపీట లేకుండానే వేళ్లతో విరవసాగింది. "మర్జూక్ భాయ్ మంచోడు. మంచోడు గనుకనే అర్థం చేసుకుంటడు. గాయన గిన చెడ్డోడయితే భయపడేదాన్ని."

అరుణ్ బామ్మర్ది వైపు తిరిగాడు. "వీడియో తీసెయ్. తప్పయిందని నీ ముఖంతోని చెప్పు. నకిలీదని నువ్వే చెప్పు."

"రేపటిలోగా మంచిగ చేస్త బావా," అన్నాడు శ్రావణ్. "ఒట్టు. మర్జూక్ భాయ్ పేరుకు మచ్చ లేకుండ చేస్త."

అరుణ్ నమ్మాడు. నమ్మితే ఠాణాలో పేరు చెప్పాల్సిన పని ఉండదు.

*

నిమజ్జనం రోజు సాయంత్రం మండపం ముందు కాలనీ మొత్తం ఉంది. విగ్రహం పక్కన కొత్తగా పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టారు. తెరకు అటూ ఇటూ మనిషంత ఎత్తున డీజే డబ్బాలు. పొద్దున్నే కమిటీ ప్రెసిడెంట్ రాఘవేందర్ అరుణ్‌ను పక్కకు తీసుకుపోయి చెప్పాడు.

"వీడియో నకిలీదని నాకూ సమజైంది అరుణ్. నేనేం పిచ్చోణ్ణి గాదు. కాని ఆడోళ్లు పరేషాన్ అయితున్నరు. ఈ ఒక్క సాలు మర్ఫా వద్దు, డీజే కానిద్దాం. బాలాపూర్‌ల లెక్క మనది గూడ గ్రాండుగ కనబడాలె."

"మర్జూక్ భాయ్‌కి ఏం చెప్పాలె?"

"నువ్వు చెప్పు. దోస్తువు గదా."

అరుణ్ పొద్దుటి నుంచీ ఫోన్ చేతిలో పట్టుకునే ఉన్నాడు. చెప్పలేదు. అందుకే మర్జూక్ వచ్చాడు. భుజానికి డోలు, చంకలో పాత పేపర్ల కట్ట. మిగతా వాళ్లు ఆటోలో వెనక వస్తున్నారట. డీజే డబ్బాలను చూసి జనం వెనక ఆగిపోయాడు.

అప్పుడే తెర వెలిగింది.

తెర మీద మర్జూక్. తెల్లటి లాల్చీ, భుజాన డోలు, వెనక గణేశుడు. చేతులు జోడించి మాట్లాడుతున్నాడు. "అందరికీ నమస్కారం. జరిగిందేదో జరిగిపోయింది. తెలిసీ తెలియక పొరపాటు చేసిన వారిని మనస్ఫూర్తిగా క్షమిస్తున్నాను. ఎవరి మీదా నాకు ఫిర్యాదు లేదు. మనమంతా ఒక్కటే." గొంతు అతనిదే. చివర్న చిన్నగా నవ్వాడు. ఎవరినీ భయపెట్టనంత కొలతగా.

ఈసారి చెవి మీద గులాల్ లేదు. శ్రావణ్ జాగ్రత్తగా చెరిపేశాడు.

చప్పట్లు మోగాయి. ఈలలు వేశారు. కమిటీకి ఏటా పులిహోర చేసి పంపే వరలక్ష్మిగారు కొంగుతో కళ్లొత్తుకుంది. "ఎంత సంస్కారమండీ అతనిది. మనవాళ్లలో కూడా ఉండదు." ఆమె పక్కకు వంగి, అడ్డంగా ఉన్న పొడుగాటి మనిషి వీపు మీద వేలితో తట్టింది. "కొంచెం జరగండి బాబూ. కనబడటం లేదు."

మర్జూక్ జరిగాడు.

మైక్ అరుణ్ చేతిలో ఉంది. వేలం నడిపేది అతనే. "ఒక్క మాట," అన్నాడు. డబ్బాల్లోంచి ఆ మాట కాలనీ చివరిదాకా పోయింది. అందరూ తెర మీంచి అతని వైపు తిరిగారు. డీజే బల్ల దగ్గర శ్రావణ్ తల వంచుకుని నిలబడ్డాడు. ఆడవాళ్ల మధ్య హారతి పళ్లెం పట్టుకుని కళ్యాణి. అందరికంటే ఎత్తుగా, వెనక, మర్జూక్ ముఖం. ఆ ముఖంలో కోపం లేదు. ఎదురుచూస్తోంది.

అరుణ్ గొంతు సవరించుకున్నాడు.

"లడ్డూ వేలం మొదలువెడుతున్నం. పాడేటోళ్లు ముందుకు రావాలె."

రాఘవేందర్ పాడుకున్నాడు. తల మీద లడ్డూ పెట్టుకోగానే డీజేలో మర్ఫా దెబ్బ మోగింది. కిందటేడు అరుణ్ తన ఫోన్‌లో రికార్డు చేసిన మర్జూక్ దెబ్బే. డబ్బాల్లో అది పదింతలై గుండెల మీద పడుతుంటే జనం ఎగిరి గంతులేశారు. గాలి నిండా గులాల్ లేచింది. అది సద్దుమణిగాక అరుణ్ వెనక్కి చూశాడు. ప్లాస్టిక్ కుర్చీ మీద పేపర్ల కట్ట ఉంది. మర్జూక్ లేడు.

*

మర్నాడు పొద్దున మర్జూక్ ఫోన్ చేశాడు. "ఠాణాకు వస్తున్నవా అన్నా?"

"వస్తున్న," అన్నాడు అరుణ్. పోకపోతే తను ఎలాంటి దోస్తు అవుతాడో అతనికి తెలుసు. పేరు చెప్పేద్దామనే బయల్దేరాడు. దారి పొడుగునా ఆ మాటను లోపల కూడబలుక్కున్నాడు.

ఠాణాలో బల్ల వెనకున్న రైటర్ ఓపిగ్గా అంతా విన్నాడు. తర్వాత తన ఫోన్ తీసి, బల్ల మీద నిలబెట్టి వీడియో పెట్టాడు. తెల్ల లాల్చీ. మనమంతా ఒక్కటే.

"నువ్వే మాఫ్ చేసినవ్ గదా. ఫిర్యాదు లేదంటున్నవ్. రాత్రి మా ఇంట్ల గూడ చూసిన్రు. ఇగ కంప్లైంట్ ఏంది?"

"సార్, గది నేను గాదు."

"మరి అమ్మాయిని గుంజినోడు?"

"గదీ నేను గాదు."

రైటర్ పెన్ను మూత పెట్టాడు. "గది నువ్వు గాదు. ఇది నువ్వు గాదు. మరి నువ్వెవ్వనివి భాయ్?" అడిగింది వెటకారంగా కాదు. నిజంగానే తికమక పడ్డాడు. మర్జూక్ జేబులోంచి ఆధార్ తీసి బల్ల మీద పెట్టాడు. రైటర్ దాన్ని చూసి, అతన్ని చూసి, మళ్లీ ఫోన్‌ను చూశాడు. మూడింటిలో ఫోన్‌లో ఉన్నవాడే ఎక్కువ నమ్మకంగా ఉన్నాడు.

"ఎవరు చేసిన్రో పేరుంటే చెప్పుండ్రి. పట్టుకొస్త. కాగితం గూడ ఇస్త." అరుణ్ వైపు తిరిగాడు. "నువ్వు సాక్షివా? నీకెరుకేనా ఎవరో?"

అరుణ్ నోరు తెరిచాడు. పేరు నాలుక మీదే ఉంది. గోడకు బోర్డు, బోర్డు మీద సున్నపు మరక. కళ్యాణి బెండకాయలు విరుస్తున్న వేళ్లు.

"తెల్వదు సార్."

"మరి నేనేం చెయ్యాలె," అన్నాడు రైటర్, ఆధార్ వెనక్కి జరుపుతూ.

బయట ఎండ. తల మీదుగా విమానం దిగుతోంది. అరుణ్ కారు తలుపు తెరిచాడు. "ఎక్కు భాయ్, జల్‌పల్లి దాకా దింపుత."

మర్జూక్ ఎక్కలేదు. చెవి పైన జుట్టు సర్దుకున్నాడు.

"పోయినేడు నువ్వు రుద్దిన గులాల్ మస్తు గట్టిదన్నా. ఎన్నిసార్లు కడిగినా పోలే. ఇంట్ల నవ్విన్రు." రోడ్డు వైపు చూస్తూ అన్నాడు. "మల్లేశ్ ఫోన్ల మొదటిసారి చూసినప్పుడే గుర్తువట్టిన. మీ గ్రూప్ ఫోటో అది. మీ ఇంట్లకెళ్లి వచ్చిందని గూడ సమజైంది. గిసుంటి పనులు మీ బామ్మర్దే చేస్తడు గదా."

"మరి నువ్వు చెప్పకపోతివి..."

"నేను చెప్తే ఎవరు వింటరు? నువ్వు చెప్తవని చూసిన. పార్కింగ్‌ల చూసిన. మైక్ వట్టుకుంటే చూసిన. ఇప్పుడు గూడ చూసిన."

"భాయ్..."

"కోపం లేదు. వీడియోల చెప్పిన గదా, మాఫ్ చేసిన అని." మర్జూక్ నవ్వాడు. పళ్లు కనబడకుండా. "వచ్చే సాలు నిమజ్జనానికి గూడ వాణ్ణే పిలువుండ్రి. నాకన్నా మంచి తెలుగు మాట్లాడుతడు. ఆడోళ్లు భయపడరు. తోలు గూడ కాచే పని లేదు."

జల్‌పల్లి వైపు పోయే షేర్ ఆటో వస్తుంటే చెయ్యెత్తాడు. ఆటో వేగం తగ్గించింది. డ్రైవర్ అతన్ని చూశాడు, లోపలున్న ఆడవాళ్లను చూశాడు, ఆపకుండా పోయాడు. మర్జూక్ ఎండలో నడక మొదలుపెట్టాడు.

అరుణ్ ఫోన్ మోగింది. ట్రిప్. కస్టమర్ తన ఫోటో చూసేంత సేపు అతను తెర వంక చూస్తూ నిలబడ్డాడు.

ఎవరూ క్యాన్సిల్ చేయలేదు.